ఖరగ్‌పూర్‌కి సమాధానం మోసుకెళ్లాను

నన్ను నేను శాంతిదూత అనుకుని కొన్నేళ్లు బతికాను. కాదని మా ఆవిడ సుగుణకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు. నాకు తెలియడానికి మాత్రం ఎనభైల చివర్లో ఒక ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ ఊరు చూడనివాళ్లు చాలామంది ఉంటారు. వెళ్లేవాళ్లు నాలాగా వెళ్లకూడదని ఇది రాస్తున్నాను.

మాది గుడివాడ. హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ని. ఆదివారాలు చుట్టుపక్కల సంఘాల్లో ప్రసంగాలు చేసేవాణ్ని. వారమంతా బెత్తం పట్టిన చేతినే ఆదివారం పైకెత్తి శాంతి గురించి మాట్లాడేవాణ్ని. అందులో తేడా ఉన్నట్టు నాకెప్పుడూ తోచలేదు. ఇది చాలదన్నట్టు ఒక చిన్న క్రైస్తవ మాసపత్రికలో 'ప్రశ్న–సమాధానం' శీర్షిక కూడా నాదే. పాఠకులు సందేహాలు రాస్తే నాలుగు లైన్లలో తేల్చిపారేసేవాణ్ని. నాలుగు దాటితే ఎడిటరుగారు కోసేసేవారు. నేను దాన్ని నా క్లుప్తత అని చెప్పుకునేవాణ్ని.

ఆ జనవరిలో ఒక కార్డు వచ్చింది. "అయ్యా, మాకిక్కడ తొమ్మిదేళ్ల నుంచి సమాధానం లేదు. మీరే వచ్చి ఇవ్వాల. ఫిబ్రవరి మొదటి ఆదివారం దాటితే ఇంక వీలుపడదు. రానూ పోనూ చార్జీలు మావి. ఇట్లు, ఏలియా, ఝపటాపూర్, ఖరగ్‌పూర్."

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మామూలు తెలుగులో సమాధానం అంటే ప్రశ్నకు జవాబు. మా చర్చి తెలుగులో అయితే శాంతి. ఇంట్లో సమాధానం ఉందా అని మావాళ్లు అడిగితే గొడవల్లేకుండా ఉన్నారా అని అర్థం. కొట్లాడుకున్నవాళ్లను కలపడాన్ని సమాధానపరచడం అంటాం. కాబట్టి కార్డు చదవగానే నాకు దృశ్యం కనిపించింది. ఖరగ్‌పూర్ తెలుగు సంఘం రెండు ముక్కలైపోయింది, తొమ్మిదేళ్లుగా ఎవరి వల్లా కాలేదు, చివరికి నా పేరు తట్టింది. వారం రోజులు కూర్చుని శాంతి మీద మూడు ప్రసంగాలు రాశాను. ఒకటి కొట్టినవాడికి రెండో చెంప తిప్పడం గురించి, ఒకటి క్షమించడం గురించి, ఒకటి నాబోటివాళ్ల గురించి.

"పక్కింటివాళ్లతో గోడ తగువు మూడేళ్లుగా నడుస్తోంది. ముందది చూడకూడదూ?" అంది సుగుణ.

అది వేరే సంగతి అన్నాను.

బెజవాడలో ఎక్కాక

సుగుణ ఒక జాడీ నిండా ఆవకాయ పెట్టి, మూతికి గుడ్డ కట్టి, సంచి అడుగున నిలబెట్టమంది. నేను ప్రసంగాలు నలక్కూడదని వాటిని అడుగున పెట్టి, వాటి మీద జాడీని పడుకోబెట్టాను. రాజమండ్రి దాటేసరికి కింది బెర్తు ఆయన దుప్పటి మీద ఎర్రటి నూనె చుక్కలు పడటం మొదలైంది. ఆయన మర్యాదగానే అడిగాడు. ఆ నూనె మాది కాదన్నాను. నా సంచిలోంచే కారుతోందని ఆయన వేలు పెట్టి చూపించాడు. సంచి మీద వేలు పెట్టడానికి నువ్వెవరివన్నాను. మాటా మాటా పెరిగి బోగీలో సగంమంది లేచి వచ్చారు. ఒక పెద్దాయన మా ఇద్దరి మధ్యా నిలబడి, "మీరు ఎందాకా వెళ్తున్నారు, ఏం పనిమీద?" అని అడిగాడు. ఖరగ్‌పూర్ అని చెప్పాను గాని, పని చెప్పలేదు.

మూడు ప్రసంగాల్లో రెండు పూర్తిగా తడిశాయి. చెంప గురించి రాసింది మాత్రం బాగానే ఉంది, ఆవపిండి వాసన తప్ప.

అంత పొడుగు ప్లాట్‌ఫారం

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడుగైందని మా పిల్లలకు ఏటా చెప్పేవాణ్ని. పరీక్షలో రాయనివాడికి ఒక దెబ్బ కూడా వేసేవాణ్ని. దాని మీద నడవాల్సి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. నేను దిగింది ఒక కొస, నా కోసం వచ్చిన మనిషి నిలబడింది ఇంకో కొస. నూనె కారే సంచి బట్టలకు తగలకుండా చెయ్యి దూరంగా చాపి నడిచాను. దారిలో రెండుచోట్ల ఆగి టీ తాగాను. మట్టి చిప్పలో ఇస్తారు, అర్ధరూపాయి. తాగి నేలకేసి కొట్టేస్తారు. అంత మంచి చిప్పను పగలగొట్టడానికి నాకు చేతులు రాలేదు. రెండూ కడిగి జేబులో వేసుకున్నాను. రిక్షా ఎక్కుతుంటే రెండూ పగిలి జేబు చిరిగింది.

ఏలియాగారు అరవై దగ్గర పడ్డ బక్కపల్చని మనిషి. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. తాతలనాడు బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన నన్ను చూడగానే సంచి అందుకుని నూనెంతా తన చొక్కాకు పూసుకున్నారు.

"వందనాలు మాస్టారూ. మీరు వొస్తారని నాను అనుకోనేదు. పెద్దోరు కదా, మా ప్రశ్న మీకు గేపకం ఉంటాదేటని అనుకున్నాను" అన్నారు.

ఏ ప్రశ్నో నాకు తెలియలేదు. ఉందన్నట్టు తలూపాను.

ఝపటాపూర్‌లో భోజనం

ఏలియాగారి ఇంట్లో గోడకు క్యాలెండరు బెంగాలీది, పాటల పుస్తకం తెలుగుది, రేడియోలో పాట హిందీది. ఆయన భార్య రత్నమ్మగారు ఆవపిండి పెట్టి చేపల పులుసు చేశారు. మావైపు చేపకు చింతపండే ప్రాణం. ఇక్కడ ఆవఘాటు ముక్కులోంచి పైకి వెళ్లి కళ్లలోంచి బయటికొచ్చింది. నా కళ్లనీళ్లు చూసి రత్నమ్మగారు భక్తి అనుకున్నారు. భోజనానికి ముందు ప్రార్థన నేనే చేశాను మరి.

తిన్నాక కథ చెప్పారు. ఏలియాగారూ, సైమన్‌గారనే ఆయనా చిన్నప్పటి స్నేహితులు. బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్లు. సైమన్ రైల్వే క్యాబిన్లో సిగ్నళ్ల లివర్లు లాగే పని చేసేవాడు. నెమ్మదస్తుడు, పిల్లి మీదికి కూడా చెయ్యెత్తి ఎరగడు. అలాంటివాడు తొమ్మిదేళ్ల కిందట ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి గేటు దగ్గర, అందరూ చూస్తుండగా ఏలియాగారి ఎడమ చెంప పగలగొట్టాడు. ఒక పన్ను కదిలింది. కారణం చెప్పలేదు. అప్పట్నుంచి ఏలియాగారు ప్రభు బల్లలో చెయ్యి వేయలేదు. అంటే, నెలకోసారి చర్చిలో అందరూ పంచుకునే రొట్టె, ద్రాక్షరసం ముట్టలేదు. మొన్న నెలాఖరున సైమన్ రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి సోమవారం పలాస వెళ్లిపోతున్నాడు. ఈ ఆదివారమే ఆఖరు.

నాకు నోరు దురద పెట్టింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. క్షమించడం ఎంత కష్టమో నాకు తెలుసన్నాను. పగ గుండెలో పెట్టుకుని బల్ల దగ్గరికి రాలేకపోవడం సహజమన్నాను. పావుగంట చెప్పాను.

ఏలియాగారు మొత్తం విని, "మాస్టారూ, నాను ఆడిని సెమించి తొమ్మిదేళ్లయినాది. ఆ రోజు సాయింత్రమే సెమించేసినాను. ఆడూ మూడుసార్లు తప్పయిపోనాదన్నాడు, పాస్టర్లు మూడుసార్లు సేతులు కలిపినారు. పగ నేదు" అన్నారు.

"మరి బల్ల ఎందుకు ముట్టుకోవట్లేదు?"

"అంత మంచోడు సెయ్యెత్తినాడంటే నాను ఎంత పెద్ద తప్పు సేసుండాల? అదేటో తెల్దు. తన తప్పేటో తెలీనోడు ఆ బల్ల కాడికి ఏ మొకంతో ఎల్తాడు? నా కోడి ఆడి మందార మొక్క తినీసినాది, అదేమో అనుకున్నాను. కొత్త మొక్క కొనిచ్చినాను. ఆడింట్లో క్రిస్మస్ విందులో పప్పులో ఉప్పు ఎక్కువైనాదన్నాను, అదేమోనని మళ్లీ ఎల్లి పప్పు బాగుందని సెప్పినాను. ఆరు తప్పులు వొరసగా ఒప్పుకున్నాను. ప్రతిదానికీ 'అది కాదురా' అన్నాడు గాని, ఏదో సెప్పనేదు. నాను మిమ్మల్ని అడిగింది శాంతి కాదు మాస్టారూ, సమాధానం."

రత్నమ్మగారు లోపలికెళ్లి ఒక కాగితం ముక్క తెచ్చి నా ముందు పెట్టారు. నా శీర్షికే. ఏలియాగారు ప్రశ్న పంపారు: తన తప్పు ఏమిటో తెలియనివాడు ప్రభు బల్లలో చేయి వేయవచ్చునా? కింద నా జవాబు: 'తప్పు తెలియకపోతే లేనట్టే. ఎదుటివాణ్ని క్షమించి, కడుపునిండా తిని, హాయిగా నిద్రపోండి.' ఆ నెల ఎడిటరుగారు చదివి నవ్వానని కబురు చేస్తే నేను పొంగిపోయాను కూడా.

"ఇది నాకు సరిపోనేదు. ఇలగ రాసీసినారంటే మనసులో ఇంకేదో ఉండుంటాది, జాగా సాలక ఆపీసినారేమో అని, మిమ్మల్నే రప్పించినాను" అన్నారు ఏలియాగారు. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అన్నారు. నేను ఆ కాగితాన్ని మెల్లగా బోర్లించాను.

ఆయన దాన్ని తీసి మడిచి, "మీరు పిల్లల్ని కొడతారేటి మాస్టారూ?" అని అడిగారు.

"కొడతాను."

"ఎందుకో సెప్పి కొడతారా?"

"చెప్పే కొడతాను."

"అదృష్టవంతులు, ఆ పిల్లలు" అన్నారు.

ఇందాలో బాదం

శనివారం పొద్దున్న ఏలియాగారు నన్ను ఇందా బజారుకు తీసుకెళ్లారు. అటంతా బెంగాలీవాళ్లు. రసగుల్లా ముప్పావలా. మావైపు మిఠాయి కొట్లో కుర్చీ లాగి కూర్చుంటే ముందు మంచినీళ్లు పెడతారు. ఇక్కడ ముందు డబ్బులడిగారు. నేను అవమానపడబోయాను గాని రసగుల్లా నోట్లో పెట్టుకున్నాక మానేశాను. ఎవరు ఎవర్ని పిలిచినా దాదా అంటున్నారు. నేనూ ఒక ఆవిణ్ని దాదా అన్నాను. ఆడవాళ్లను దీదీ అనాలట.

తిరిగి వస్తుంటే చర్చి వీధి మలుపులో ఒకాయన గోనెపట్టా పరుచుకుని కూర్చుని "బాదామ్, బాదామ్" అని అరుస్తున్నాడు. పక్కన రెండు చంకకర్రలు. కుడికాలు మోకాలి కింద లేదు. పొట్లం పావలా అన్నాడు. పావలాకు బాదంపప్పు! మా గుడివాడలో అయితే దాని పేరు పలకడానికే అంతవుతుంది. వీళ్లకు విలువ తెలియదనుకుని, ఎవరైనా చెప్పేలోగా గబగబా పన్నెండు పొట్లాలు కొన్నాను. సుగుణ ముఖం ఎలా వెలుగుతుందో ఊహించుకుంటూ ఇంటికొచ్చి విప్పాను. వేరుశెనగకాయలు.

"బెంగాలీలో బాదామంటే ఇయే మాస్టారూ" అన్నారు రత్నమ్మగారు, నవ్వు ఆపుకుంటూ. "బలరామ్ దాదా కాడ కొన్నారా? పాపం, పట్టాలు బాగుసేసే గేంగులో పని సేసీవోడు. ఇంజను కింద కాలు పోనాది."

లైన్ క్లియర్

శనివారం సాయంత్రం కూడిక. నలభైమంది దాకా వచ్చారు. ఆ సంఘంలో ప్రార్థనలు వింటుంటే నాకు ముచ్చటేసింది. అందరూ రైల్వేవాళ్లు కదా, దేవుడితో కూడా రైల్వే భాషలోనే మాట్లాడతారు. ఒక డ్రైవరు లేచి, కష్టకాలంలో తన బ్రేకులు ఫెయిలవకుండా చూడమని వేడుకున్నాడు. ఒక ఆవిడ వాళ్లబ్బాయి ఉద్యోగానికి గ్రీన్ సిగ్నల్ అడిగింది. ఇంకొకాయన, తాను పట్టాలు తప్పితే రిలీఫ్ వ్యాను పంపమన్నాడు. అందరూ గంభీరంగా ఆమెన్ అన్నారు.

వీళ్ల భాషలోనే మాట్లాడి వీళ్లను బుట్టలో వేసుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. లైన్ క్లియర్ అనే మాట ఆ మధ్యాహ్నమే ఏలియాగారి దగ్గర నేర్చుకున్నాను. ముందు దారి ఖాళీగా ఉంది, బండిని పంపొచ్చు అని క్యాబిన్లోంచి ఇచ్చే అనుమతి అది. క్షమాపణ ప్రసంగం నూనెలో మునిగింది కనుక నోటికొచ్చిందే చెబుతున్నాను. చెబుతూ చెబుతూ చెయ్యెత్తి, "క్షమాపణ అంటే ఏమిటి? మన పాత లెక్కలన్నీ చెరిపేసి దేవుడు మనకిచ్చే లైన్ క్లియర్!" అన్నాను.

జనం నవ్వారు. వాళ్లు ఇంకా నవ్వడానికి సమయమిచ్చి ఆగాను. మూడో వరసలో పొడుగాటి మనిషి ఒకాయన లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. ఇరవయ్యేళ్లలో నా ప్రసంగంలో నిద్రపోయినవాళ్లున్నారు గాని, లేచిపోయినవాడు లేడు. నాకు ఒళ్లు మండింది. ఏలియాగారి వైపు చూశాను. ఆయన చెయ్యి ఎడమ చెంప మీద ఉంది.

"ఆడే సైమన్" అన్నారు ఇంటికి నడుస్తూ. ఇంటి సందు మొదట్లో ఆగారు. "ఆ మాట నాను అన్నాను మాస్టారూ. కొట్టిన రోజున. అప్పుడు లైను మీద పెమాదం జరిగితే ఆడి మీద ఎంక్వయిరీ అయినాది, ఆడి తప్పు నేదని తేలినాది. నాను సంతోషం పట్టనేక ప్రార్థనలో, మా సైమన్‌కి లైన్ క్లియర్ ఇచ్చినావు తండ్రీ అన్నాను. గేటు కాడా అదే అని సెయ్యి సాపినాను. అందులో తప్పేటుందో నాకు తెల్దు. రేపు పొద్దున్నే ఆడింటికెల్లి, ఆ మాటేనా అని ఒక్కటి అడగండి. ఇంకేటీ సెప్పకండి."

ఇంకేమీ చెప్పకండి అన్న షరతు నాకు కష్టంగానే తోచింది.

సైమన్ క్వార్టరు

ఆదివారం ఏడింటికే వెళ్లాను. ఇల్లంతా పెట్టెలూ, తాళ్లూ. భార్య పోయింది, కూతురు పలాసలో. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి ఆయన ట్రంకుపెట్టె మీద కూర్చున్నారు. మర్యాద చేయడానికి ఇంట్లో ఏమీ లేదంటూ ఒక డాల్డా డబ్బా మూత తీసి ముందు పెట్టారు. వేరుశెనగకాయలు. అలాంటి డబ్బాలు గోడ పొడుగునా పన్నెండో పదమూడో ఉన్నాయి. వేరుశెనగ వ్యాపారం పెడుతున్నారా అని అడిగాను. లేదన్నారు.

"ఏలియాగారు అడగమన్నారు. ఆ మాటేనా?" అన్నాను.

సైమన్‌గారు చేతిలో ఉన్న తాడు ముడి విప్పి, మళ్లీ వేసి, మళ్లీ విప్పారు. "అదే" అన్నారు.

తర్వాత ఆయనే చెప్పారు. "పది గంటల దాకా లైను మీద గేంగు పనిలో ఉంటాదని నాకు సెప్పినారు. టిఫిను బాక్సు ఇప్పుకుంటా మర్సిపోయినాను. తొమ్మిదిన్నరకి ఇంజనుకి లైన్ క్లియర్ ఇచ్చీసినాను. గేంగోళ్లు అటేపు ఎర్రజెండా పాతనేదు, అదీ నిజమే. నాను మర్సిపోయినాను, ఇదీ నిజమే. ఎంక్వయిరీలో, గేంగు సంగతి నీకెవరైనా సెప్పినారా అని అడిగినారు. నేదన్నాను. జెండా పాతనేదని ఒక్కటే రాసుకున్నారు. తప్పంతా కాలు పోయిన బలరామ్ మీదకెల్లిపోనాది. ఆ ఆదివారమే మా బావ నిలబడి, సైమన్‌కి లైన్ క్లియర్ ఇచ్చినావని దేవుడికి దండం పెట్టినాడు. నలభైమంది ఆమెన్ అన్నారు. నాను ఎక్కడికి పోవాల?"

"మరి ఏలియాగారికి ఎందుకు చెప్పలేదు?"

"తప్పయిపోనాదని అనడం ఈజీ మాస్టారూ. మూడుసార్లన్నాను. ఎందుకు కొట్టినావంటే మాత్రం ఆ లైను మీదకి ఎల్లాల. ఉజ్జోగం పోద్ది, కూతురి పెళ్లి కాలేదు. అలగ తొమ్మిదేళ్లు గడిసిపోనాది. బలరామ్ కాడ రోజూ రెండు పొట్లాలు కొంటాను. వీధి పిల్లలకి పెట్టగా మిగిలినయే ఈ డబ్బాలు. నాకు తినబుద్ది కాదు. పారీబుద్దీ కాదు."

ఆ క్షణంలో చెప్పడానికి నా దగ్గర పావుగంట సరుకుంది. కాని నోటినిండా వేరుశెనగలున్నాయి. నమిలి మింగేసరికి, చెప్పాల్సినదేమీ లేదని అర్థమైంది. నా సేవాజీవితంలో అంత మంచి ప్రసంగం మరోటి లేదు.

అయినా బుద్ధి పోలేదు. "మీరు ఇబ్బంది పడకండి, ఏలియాగారికి నేను చెప్పేస్తాను" అన్నాను.

సైమన్‌గారు నావైపు జాలిగా చూశారు. "మీరు సెప్తే అది మీ ప్రసంగం అయిపోద్ది బాబూ" అన్నారు.

తెల్లగుడ్డ

ఆదివారం ఆరాధనలో బల్ల మీద రొట్టె, గిన్నె పెట్టి తెల్లగుడ్డ కప్పారు. ముందు నా మూడో ప్రసంగం, నూనెలో తడవగా గుర్తున్నంత మేరకు. సమాధానపరచేవాళ్లు ఎంత ధన్యులో చెబుతున్నాను. సగంలో సైమన్‌గారు వచ్చి, తన చోటు వదిలేసి, ఏలియాగారి బెంచీ మీద కూర్చున్నారు. ఆయన చెవిలో ఏదో చెప్పడం మొదలుపెట్టారు. నాకు బడి అలవాటు. బల్ల మీద వేళ్లతో కొట్టి, "ఆ చివర ఎవరది, మాట్లాడేది?" అన్నాను.

అని, నాలిక కరుచుకున్నాను. నేను వెయ్యి కిలోమీటర్లు వచ్చింది ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం కోసమే.

వాళ్లు నా మాట వినిపించుకోలేదు, అదృష్టం. వాళ్లేమనుకున్నారో తర్వాత ఏలియాగారు చెప్పారు. "ఆ మాట నాను మంచికే అన్నాను బావా" అన్నారట ఈయన. "తెలుసు. మంచికి అన్నావనే కొట్టినాను. సెడ్డకి అనుంటే ఊరుకుందును" అన్నారట ఆయన. ఏలియాగారు తలవంచుకుని ఏడ్చారు. తొమ్మిదేళ్లుగా వెతికిన తప్పు ఆయన దగ్గర లేనే లేదు.

నేను ఆమెన్ అనగానే పాస్టరుగారు గుడ్డ తీయబోయారు. ఏలియాగారు లేచారు. రత్నమ్మగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రెండడుగులు వేసి ఆయన వెనక్కి చూశారు. సైమన్‌గారు బెంచీ మీదే ఉన్నారు.

"నువ్వెల్లు. నాకింకో చోట బాకీ ఉంది" అన్నారు సైమన్‌గారు.

ఏలియాగారు పాస్టరుగారితో, "అయ్యా, గుడ్డ అలగే ఉంచండి. అరగంటలో వొస్తాం" అన్నారు. తొమ్మిదేళ్లు ఆగిన మనిషికి అరగంట ఒక లెక్కా? ఇద్దరూ చెప్పులేసుకుని బయటికి నడిచారు. పిలవకపోయినా వెనకాల నేనూ వెళ్లాను.

బలరామ్ మలుపులోనే ఉన్నాడు. సైమన్‌గారి అడుగు ఆగిపోయింది. "నీ బెంగాలీ బాగుంటాది, నువ్ సెప్పు బావా" అన్నారు.

"నీ నోటితోటే సెప్పు. తప్పు పోతే నాను దిద్దుతాను" అన్నారు ఏలియాగారు.

సైమన్‌గారు గోనెపట్టా ముందు గొంతుక్కూర్చున్నారు. విరిగిన బెంగాలీలో, మధ్యలో హిందీ, మధ్యలో రైల్వే ఇంగ్లీషు. లైన్ క్లియర్ అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది. ఏలియాగారు ఒక్కచోట కూడా దిద్దలేదు.

బలరామ్ చేతిలోని కాగితం చుట్టడం ఆపలేదు. "జాని, దాదా" అన్నాడు.

తెలుసు అని. ఆ తర్వాత అన్నదాన్ని ఏలియాగారు నాకు తెలుగులో చెప్పారు. ఆస్పత్రిలో ఉన్నప్పుడే తెలుసట. గ్యాంగులో అందరికీ తెలుసట. ఇతను నోరు విప్పి ఎప్పుడు చెబుతాడా అని చూస్తూ తొమ్మిదేళ్లుగా పొట్లాలు కడుతున్నాడట.

క్షమించానని మాత్రం అనలేదు. అడుగుదామని నేను నోరు తెరిచాను. ఏలియాగారు నా మోచెయ్యి గట్టిగా నొక్కారు. బలరామ్ ఎప్పట్లాగే రెండు పొట్లాలిచ్చాడు, సైమన్‌గారు ఎప్పట్లాగే డబ్బులిచ్చారు. "కాల్ ఆష్‌బేన్?" అని అడిగాడు బలరామ్. రేపు వస్తారా అని. రేపు ఊరు వదిలి వెళ్లిపోతున్నానని సైమన్‌గారు చెప్పారు. అతను తల తిప్పుకుని "బాదామ్, బాదామ్" అని అరిచాడు.

మేం తిరిగి వెళ్లేసరికి ఒక్కరూ లేచిపోలేదు. గుడ్డ అలాగే ఉంది. ఏలియాగారు ముందు నిలబడి, రెండు చేతులా రొట్టె తీసుకున్నారు. పక్కనే సైమన్‌గారు. నేను వరసలో ఆఖర్న నిలబడ్డాను. ముందు నిలబడదామని నాకు అనిపించకపోవడం అదే మొదటిసారి.

బాలేశ్వర్ వైపు

సోమవారం పగటి బండికి సైమన్‌గారూ, నేనూ ఒకే బోగీ. బండి కదలబోతుండగా ఆ పొడుగాటి ప్లాట్‌ఫారం మీద ఏలియాగారు ఆయాసపడుతూ వచ్చారు. కిటికీలోంచి రెండు పొట్లాలు సైమన్‌గారి ఒళ్లో పెట్టారు.

"బలరామ్ దాదా ఇచ్చినాడు. ఈ రోజు పొట్లాలంట. డబ్బులు ఒద్దన్నాడు" అన్నారు.

సైమన్‌గారు వాటిని జారిపోకుండా పట్టుకున్నారు. స్టేషను కనుమరుగయ్యాక ఒక పొట్లం విప్పారు. తొమ్మిదేళ్లలో ఆ కాయలు ఆయన ఒక్కటి కూడా నోట్లో పెట్టలేదని నాకు తెలుసు. ఒక కాయ వలిచారు. తిన్నారు. ఇంకొకటి వలిచారు. కళ్లు తుడుచుకుంటూ, పొట్టు ఒళ్లో పడుతున్నా దులుపుకోకుండా, ఒక్కొక్కటే వలిచి తింటూ కూర్చున్నారు. బాలేశ్వర్ వచ్చేలోగా రెండు పొట్లాలూ అయిపోయాయి.

ఎదురుగా కూర్చున్న నాకు ఒక్క గింజ కూడా పెట్టలేదు. నేనూ అడగలేదు.